ఎండ ఒక్కటే ఉచితం

"మాల్టా ఎలా ఉంటుందక్కా? వచ్చేయొచ్చా?"

ఈ మధ్య నాకొచ్చే ఫోన్లలో ఈ రెండు ప్రశ్నలే ఎక్కువ. మొదటిదానికి జవాబు సులువు. రెండోదానికి ఓ కాలమ్ మొత్తం పడుతుంది. అందుకే ఈ వారం కబుర్లన్నీ పక్కన పెట్టి దాని గురించే రాస్తున్నాను.

ముందు మంచి చెప్పుకుందాం. ఫోటోల్లో మీరు చూసే సముద్రం నిజమే. ఆ నీలం రంగు ఫోన్‌లో దిద్దింది కాదు. తేనె రంగు రాతి ఇళ్లు, వాటికి ముందుకు పొడుచుకొచ్చిన చెక్క బాల్కనీలు, ఊరి మధ్యలో ఊరికంటే పెద్ద చర్చి, అన్నీ నిజమే. ఇటలీ కాలి కింద సిసిలీ ఉంటుంది కదా, దానికి దక్షిణాన దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో మూడు ముక్కలుగా ఉన్న దేశం ఇది. మాల్టా, గోజో, మధ్యలో బుల్లి కొమీనో. మొత్తం కలిపితే 316 చదరపు కిలోమీటర్లు. మన పాత జీహెచ్‌ఎంసీ హద్దులు 650 చదరపు కిలోమీటర్లు కాబట్టి, హైదరాబాద్‌లో సగం కూడా లేదన్నమాట దేశం మొత్తం. 2021 జనాభా లెక్కల్లో ఇక్కడి జనం 5,19,562. మన లెక్కన అదొక ఓ మోస్తరు పట్నం.

వచ్చిన కొత్తలో మనకి ఇబ్బంది లేనివి చాలానే ఉంటాయి. 1964 దాకా ఇంగ్లీషువాళ్ల పాలనలో ఉన్న దేశం కాబట్టి వాహనాలు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. ఇంగ్లీషు అధికార భాషల్లో ఒకటి. ఆఫీసులో, బ్యాంకులో, ఆస్పత్రిలో మాటకి తడుముకోనక్కర్లేదు. రోడ్డు పక్కన నాగజెముడు పొదలు కనిపిస్తే నాకు మొదటిరోజే ప్రాణం లేచొచ్చింది. మన దగ్గర కంచెకి తప్ప ఎందుకూ పనికిరాదనుకునే ఆ నాగజెముడు పండ్లని ఇక్కడ ముళ్లు తీసి, చల్లగా చేసి తింటారు. మన కర్రీపఫ్‌కి మేనత్త కూతురులాంటి పస్తిత్సీ అనే తినుబండారం ఉంది. లోపల జున్నులాంటి రికోటా గానీ, బఠాణీ ముద్ద గానీ పెడతారు. బఠాణీది తింటూ టీ తాగితే కాకినాడ బేకరీలో కూర్చున్నట్టే ఉంటుంది.

భాష సంగతి ఇంకా తమాషా. మాల్టీస్ భాష పుట్టుక అరబిక్, రాత మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో. జనం చూస్తే గట్టి క్యాథలిక్కులు. దేవుణ్ణి 'అల్లా' అంటారు. ఈస్టర్ ముందు ఉపవాసాల రోజుల్ని 'రందాన్' అంటారు. వెయ్యేళ్ల కిందట అరబ్బుల పాలనలో వచ్చిన మాటలు, మతం మారినా నోటినుంచి పోలేదు. ఇక 'మేలా' అని ఒక మాట ఉంది. దాన్ని మన 'మరి' వాడినట్టు వాడతారు. మరి వెళ్దామా, మరి ఏం చేస్తాం, మరి అంతే కదా... అన్నిటికీ మేలా. మా ఆఫీసులో ఫోనెత్తిన ప్రతివాళ్లూ మేలాతో మొదలుపెట్టి మేలాతో పెట్టేస్తారు. నేర్చుకోవడానికి నాకు పది నిమిషాలు పట్టలేదు.

మనవాళ్లు ఇక్కడికి రావడం కూడా ఇవాళ్టి ముచ్చట కాదండోయ్. 1878లో రష్యాతో యుద్ధం వస్తుందేమోనని బ్రిటిష్ ప్రభుత్వం ఇండియా నుంచి సుమారు 7 వేలమంది సిపాయిల్ని ఓడలెక్కించి ఇక్కడ దింపింది. వాళ్లలో మద్రాసు సైన్యం దళాలూ ఉన్నాయి. ఆ తర్వాత పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సింధీ వ్యాపారులు వచ్చి రాజధాని వల్లెట్టాలో పట్టుబట్టల దుకాణాలు పెట్టారు. వాళ్లది హైదరాబాదే, కాకపోతే సింధ్‌లో ఉన్న హైదరాబాదు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు మాల్టీస్‌లోనే బేరమాడతారు.

ఇంతవరకూ మొదటి ప్రశ్నకి జవాబు. ఇక ఇల్లు, వాకిలి.

రాతి ఇళ్లు చూడ్డానికి ఎంత బాగుంటాయో, చలికాలంలో అంత చుక్కలు చూపిస్తాయి. మధ్యధరా అంటే ఏడాదంతా ఎండ అనుకుని ఒక్క స్వెట్టర్‌తో దిగినవాళ్లు జనవరిలో తెల్లబోతారు. బయట పదిహేను డిగ్రీలుంటుంది, అదేం పెద్ద చలి కాదు. అసలు చలి ఇంట్లో. చాలా ఇళ్లకి హీటింగ్ ఏర్పాటు ఉండదు. సముద్రం తేమ గోడల్లోకి దిగి, మూలల్లో నల్లగా బూజు పడుతుంది. ఉతికిన బట్టలు రెండు రోజులైనా ఆరవు. గాలిలో తేమని లాగే మెషిన్ ఒకటి కొనుక్కోవాల్సిందే. దాని తొట్టి రోజూ నిండుతుంది, రోజూ పారబోయాలి. ఎండాకాలం సరేసరి, కాకినాడ మే నెలే.

ఈ దేశంలో ఒక్క నది కూడా లేదు. కుళాయిలో వచ్చే నీళ్లలో సగానికి పైగా సముద్రపు నీటిలో ఉప్పు తీసి ఇచ్చేవే. అందుకే పాత ఇళ్ల కింద రాతిలో తొలిచిన తొట్లుంటాయి, మిద్దె మీద పడిన వాన నీరు అందులోకి దిగుతుంది. ఇంకుడు గుంతల గురించి మనకి ప్రభుత్వం చెప్పాల్సొచ్చింది, వీళ్లకి దాహమే నేర్పింది.

అద్దెల దగ్గరికి వద్దాం. 2020 జనవరి నుంచి అద్దె ఒప్పందాన్ని ఇంటి ఓనరు ప్రభుత్వ హౌసింగ్ అథారిటీలో రిజిస్టర్ చేయించాలని చట్టం. ఆ రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూశాకే సామాన్లు దించండి. కరెంటు, నీళ్ల బిల్లులో ఇంకో మడత పేచీ ఉంది. ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో ఫారంలో రాసి ఇస్తే ఒక రేటు, రాయకపోతే అంతకంటే ఎక్కువ రేటు. మా మొదటి ఇంటి ఓనరు ఆ ఫారం పెట్టకుండా నాలుగు నెలలు మా చేత ఎక్కువ రేటే కట్టించుకున్నాడు. అడిగితే 'మేలా' అని నవ్వాడు. ఆఖరికి నేనే ఆ ఫారం తెచ్చి, బల్లమీద పెట్టి సంతకం పెట్టించుకున్నాను. మీకు ఆ నాలుగు నెలలు కూడా పోకూడదని చెబుతున్నా.

ఇవన్నీ సర్దుకుపోయే కష్టాలే. సర్దుకుపోవడానికి వీల్లేనిది ఇంకోటి ఉంది. ఆ రెండో ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.

మా ఆఫీసులో నన్ను 'ఎక్స్‌పాట్' అంటారు. నేను అకౌంటెంట్‌ని. మా ఇంటికి భోజనం పార్సిల్ తెచ్చే జగిత్యాల కుర్రాణ్ణి 'టీసీఎన్' అంటారు. అంటే యూరప్ కూటమికి బయటి దేశం పౌరుడు అని అర్థం. మరి నేను? నేనూ ఆ కూటమికి బయటిదాన్నే కదా! నా పర్సులో ఉన్న కార్డు, వాడి జేబులో ఉన్న కార్డు ఒకే ఆఫీసు ఇచ్చింది. రెండింటి పేరూ సింగిల్ పర్మిట్టే. కాయితం ప్రకారం మేమిద్దరం ఒకటే. అయినా మాట వేరు.

ఇది మాల్టావాళ్ల తప్పు అని తేలిగ్గా అనేయలేం. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక కొరియావాళ్లు అటువైపు కాపురాలు పెట్టారు. వాళ్లని మనం ఎక్స్‌పాట్లు అన్నాం, వాళ్ల రుచికి హోటళ్లు తెరిచాం. అదే అనంతపురం నుంచి మేస్త్రీ పనికి బెంగళూరు బస్సెక్కినవాణ్ణి వలస కూలీ అన్నాం. ఇద్దరూ చేసింది బతుకుతెరువు కోసం ఊరు దాటడమే. పేరు పెట్టేది జీతం.

ఈ దీవిలో ఆ నిచ్చెనకి ఇంకా పై మెట్లున్నాయి. పింఛను డబ్బుతో ఎండ కాచుకోవడానికి వచ్చిన ఇంగ్లీషు పెద్దలు ఒక మెట్టు. ఆ పైన డబ్బు పెట్టి పౌరసత్వమే కొనుక్కున్నవాళ్లు. మూడేళ్లు నివాసం చూపిస్తే 6 లక్షల యూరోలు, ఏడాదే చూపిస్తే ఏడున్నర లక్షల యూరోలు ప్రభుత్వానికి కడితే పాస్‌పోర్టుకి అర్హత వచ్చే పథకం ఇక్కడ నడిచింది. పౌరసత్వాన్ని సరుకులా అమ్మడం కుదరదని యూరప్ కూటమి న్యాయస్థానం 2025 ఏప్రిల్ 29న తీర్పు చెప్పాక గానీ దానికి అడ్డు పడలేదు. అందరి నెత్తిమీదా ఒకే ఎండ. ఎండ ఒక్కటే ఉచితం, నీడకి మాత్రం ఎవరి రేటు వాళ్లది.

జగిత్యాల కుర్రాడి సంగతి చెబుతాను. వాళ్ల కాక దుబాయిలో పన్నెండేళ్లు పనిచేశాడట. "అక్కా, గాడ ఎండే, గీడ ఎండే. గీడ ఫోటోల సముద్రం మంచిగొస్తది, గంతే ఫరక్" అంటాడు. నవ్వుతూనే అంటాడు గానీ, ఊళ్లో ఏడు లక్షలు మిత్తికి తెచ్చి ఏజెంటుకు కట్టి వచ్చాడు. "రెండేండ్లు మాల్టా, ఆ తర్వాత జర్మనీ" అని చెప్పారట. ఆ రెండో మాట శుద్ధ అబద్ధం. మాల్టా కార్డుతో షెంజెన్ దేశాలు చుట్టిరావొచ్చు, అదీ ప్రతి 180 రోజుల్లో 90 రోజులే. పని చేయడానికి వీల్లేదు. జర్మనీలో పని కావాలంటే జర్మనీ వీసాయే కావాలి.

ఇక్కడికొచ్చాక వాడు పనిచేసేది పేరున్న యాప్‌కి కాదు, మధ్యలో బళ్లు, మనుషుల్ని పెట్టే ఏజెన్సీకి. సంపాదించినదాంట్లో సగం దాకా ఆ ఏజెన్సీ కోసుకుంటుంది. "మరి వేరే చోట చేరొచ్చుగా?" అన్నాను. వాడు కార్డు తీసి చూపించాడు. పర్మిట్ ఆ ఏజెన్సీ ఉద్యోగానికి కట్టి ఉంది. మారాలంటే కొత్త యజమాని దొరకాలి, కొత్త అప్లికేషన్ పెట్టాలి, అది పాసవ్వాలి. ఈలోగా పాత ఉద్యోగం పోతే ఇక్కడ ఉండే హక్కుకీ రోజులు లెక్కపెట్టుకోవాలి. అందుకే సగం కోత పడినా నోరు మెదపడు.

నా కార్డూ అలాంటిదే. మరి నాకెందుకు భయం లేదు? నాకు అకౌంట్ల పని వచ్చు, ఇక్కడ ఆ పనికి మనుషులు కావాలి, ఇంకో కంపెనీ రేపే నాకు అప్లికేషన్ పెడుతుంది. ఎక్కువ జీతం వాళ్ల అప్లికేషన్లకి వేగంగా నడిచే వేరే వరుస కూడా ఉంది. పైగా నా నెత్తిన వడ్డీ లేదు. ఎక్స్‌పాట్‌కీ కూలీకీ తేడా ఇదేనండీ. నచ్చకపోతే లేచి వెళ్లిపోగలిగితే ఎక్స్‌పాట్. లేకపోతే కాదు.

జీతం లెక్క కూడా చెప్పేస్తా. 2025లో ఇక్కడి కనీస వేతనం వారానికి 221 యూరోల 78 సెంట్లు. నెలకి సుమారు 961. ఏజెంటు దాన్ని వందతో హెచ్చవేసి "నెలకి 96 వేలు" అంటాడు. వినడానికి బాగానే ఉంటుంది. అందులోంచి పదో వంతు సోషల్ సెక్యూరిటీ కింద పోతుంది. మిగిలినదానితో స్లీమా వైపు ఒక్క బెడ్‌రూమ్ ఫ్లాట్ కూడా రాదు. అందుకే ఒక గదిలో నలుగురు. సంపాదన రూపాయల్లోకి మార్చి చూసుకునేవాళ్లు ఖర్చుని కూడా రూపాయల్లోకి మార్చి చూడాలి. అలా చూడరు. అక్కడే వస్తుంది చిక్కు.

మరి ఎవరూ రాకూడదా? అలా అనను. కోనసీమ నుంచి వచ్చిన ఒక అక్క నాకు తెలుసు. ఇంతకుముందు మస్కట్లో ఇంటిపని చేసింది. ఇప్పుడిక్కడ వృద్ధుల ఆశ్రమంలో సంరక్షకురాలు. ఆవిడ మధ్యవర్తికి లక్షలు పోయలేదు. ముందే వచ్చిన చుట్టం ద్వారా ఆశ్రమం వాళ్లే అప్లికేషన్ పెట్టారు. ఒప్పందం కాయితం ఊళ్లో స్కూలు మేష్టారి చేత రెండుసార్లు చదివించుకుని, అర్థమయ్యాకే సంతకం పెట్టింది.

"మస్కట్లో పాస్‌పోర్టు వాళ్ల బీరువాలో ఉండేది చెల్లీ. ఇక్కడ నా సంచీలో ఉంది. నాకు అదే పెద్ద తేడా" అంటుంది.

అయితే ఆవిడ కష్టం వేరే. కూతురు అమలాపురంలో ఇంటర్ చదువుతోంది. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఇంత ఆదాయం ఉండాలని ఇక్కడ ఓ గీత ఉంది. సంరక్షకురాలి జీతం ఆ గీతకి అందదు. పరాయివాళ్ల అమ్మకి అన్నం తినిపించడానికి వీసా దొరికింది, సొంత కూతురికి అన్నం పెట్టడానికి దొరకలేదు. ఈ మాట ఆవిడ అనలేదు. నేనే అంటున్నాను. ఆవిడ మాత్రం సెలవు రోజుల్లో వీడియో కాల్ పెట్టుకుని, కూతురు చదువుతుంటే ఇటు కూర్చుని చూస్తూ ఉంటుంది. మాట్లాడదు, మాట్లాడితే చదువు పాడవుతుందని.

కాబట్టి రావాలనుకునేవాళ్లు సముద్రం ఫోటోలు తర్వాత చూడొచ్చు. ముందు ఈ ప్రశ్నలకి కాయితం మీద జవాబులు తెచ్చుకోండి.

ఒకటి, మీ యజమాని ఎవరు? పర్మిట్ మీద ఉండే పేరు, మీరు నిజంగా పనిచేసే చోటు ఒకటేనా, మధ్యలో ఏజెన్సీ ఉందా? మాల్టా కంపెనీల రిజిస్ట్రీ ఆన్‌లైన్‌లో ఉంది, కంపెనీ పేరు కొట్టి చూసుకోవచ్చు. పేరే దొరకని కంపెనీకి ఉద్యోగం ఎక్కడుంటుంది?

రెండు, వరుస సరిగ్గా ఉందా? ముందు ఇక్కడ యజమాని సింగిల్ పర్మిట్‌కి అప్లికేషన్ పెడతాడు. 'ఐడెంటిటా' అనే ప్రభుత్వ సంస్థ సూత్రప్రాయంగా ఆమోదం తెలుపుతూ ఉత్తరం ఇస్తుంది. అది చూపించి మీరు డి రకం వీసాకి వెళ్లాలి. "ముందు టూరిస్టు వీసా మీద వచ్చేయ్, తర్వాత చూసుకుందాం" అన్నవాడికి ఓ దండం పెట్టి లేచొచ్చేయండి.

మూడు, ఏజెంటుకి లైసెన్సు ఉందా? మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంటుంది. వాళ్లు మీ దగ్గర తీసుకోగలిగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దానిమీద జీఎస్టీ. మొత్తం 35,400. అంతకు మించి అడిగితే అది రుసుము కాదు. ఉద్యోగం ఇప్పించినందుకు ఉద్యోగి దగ్గర డబ్బు గుంజకూడదని మాల్టా నిబంధనలూ చెబుతున్నాయి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రలో ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఉన్నాయి. లక్షలు అప్పు చేసేముందు ఒక బస్సు చార్జీ పెట్టుకుని అక్కడికి వెళ్లి అడిగితే పోయేదేం లేదు.

నాలుగు, తిరిగొచ్చే డబ్బు మీ దగ్గరుందా? వచ్చే ఖర్చు కాదు నేనడిగేది, వెనక్కి వచ్చే ఖర్చు. టిక్కెట్టు, రెండు నెలల బతుకు. అది చేతిలో లేకుండా వచ్చినవాళ్లే సగం కోతకి తలొంచేది.

ఐదు, ఎన్నాళ్లుంటారు? నాలుగు డబ్బులు చూసుకుని వెళ్లిపోతారా, స్థిరపడతారా? ఐదేళ్లు చట్టప్రకారం వరుసగా ఉన్నవాళ్లు దీర్ఘకాల నివాసానికి అప్లై చేసుకోవచ్చు. అది చేతికొస్తే పర్మిట్ యజమాని గుప్పిట్లో ఉండదు. కానీ దానికి స్థిరమైన ఆదాయం ఒక్కటే చాలదు, ఇక్కడి సమాజం గురించి ఒక కోర్సు చేసి, మాల్టీస్ భాషా పరీక్ష పాసవ్వాలి.

ఆఫీసు ఎక్స్‌పాట్లు చాలామంది ఆ పరీక్ష దగ్గరే ఆగిపోతారు. ఇంగ్లీషుతో పనైపోతోంది కదా, ఇంకెందుకు నేర్చుకోవడం! నాకు 'మేలా' దాటి నాలుగు ముక్కలే వచ్చు. కోనసీమ అక్క మాత్రం ఆశ్రమంలో ముసలమ్మలతో రోజంతా మాల్టీస్‌లోనే మాట్లాడుతుంది. వాళ్లలో కొందరికి వయసు పైబడి ఇంగ్లీషు మర్చిపోయారు, చిన్ననాటి భాషే మిగిలింది. వాళ్లకి ఆకలేసినా, నొప్పేసినా అర్థం చేసుకోవాలంటే ఆవిడకి వేరే దారి లేకపోయింది. మొన్న బస్సులో పక్కసీటు పెద్దాయనతో ఆవిడ గలగలా మాట్లాడుతుంటే నేను నోరెళ్లబెట్టి చూశాను. ఆయన దిగేటప్పుడు 'సాహ్హా' అన్నాడు. ఆరోగ్యంగా ఉండమని, వెళ్లొస్తానని రెండు అర్థాలూ ఉన్న మాట అది.

ఆవిడకిది మూడో ఏడు. ఇంకో రెండేళ్లకి పరీక్ష రాస్తానంటోంది. ఇంటర్ అయ్యాక కూతుర్ని నర్సింగ్‌లో చేర్పించాలని, ఆ పిల్ల చదువు పూర్తయ్యేలోపు తన కార్డు మీద యజమాని పేరు లేకుండా చేసుకోవాలని ఆవిడ లెక్క. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టి మరీ చెప్పింది.

వచ్చేవారం గోజో ఫెర్రీ గురించి, అక్కడి ఉప్పు మళ్ల గురించి రాస్తాను.